మూడు గంటల నీడ

ముందు బరువు లెక్క.
పదహారు అంతస్తులు, అంతస్తుకి ముప్పై మడులు.
మడికి గట్టు లేదు, రేకు అంచు ఉంది.
తూము లేదు, వేలిలావు గొట్టం ఉంది.
నీళ్లకి బరువుంటుందని
తాగేటప్పుడు ఎవరికి గుర్తుంటుంది?
ముక్కలుగా కోసి నిలువునా పేర్చిన చెరువుని
పద్దెనిమిది స్తంభాల మీద నిలబెట్టాలి.
నాకు జీతమిచ్చేది అందుకే.

షామ్ షుయ్ పోలో ఆ సందు
చేతులు బార్లా చాపితే రెండు గోడలూ తగిలేంత.
జిప్పులూ గుండీలూ అమ్మే కొట్ల మీద మనుషులు,
మనుషుల మీద మనుషులు,
అందరి మీదా ఏసీల నీటిచుక్కలు.
ఇక్కడ కూరాకు మొలిచే జాగా ఏదని అడిగితే
హ్యూంగ్ చింగ్-లాం
పెన్సిల్‌తో ఆకాశం వైపు చూపించింది.

ఆమెకి ఊదారంగు దీపాలంటే గిట్టదు.
కరెంటు ఎండకి బిల్లొస్తుంది, అంటుంది.
అందుకే దక్షిణం గోడంతా గాజు,
మడులన్నీ మెట్లుమెట్లుగా వెనక్కి,
చోయ్-సమ్ నారు ఒకదాని భుజం మీంచి ఒకటి
సూర్యుణ్ణి తొంగిచూసేలా.
నేను ఆ గీతల కింద టన్నులు రాసుకుంటూ పోయాను.

తర్వాత నీడ లెక్క.
డిసెంబరు ఇరవై ఒకటి, మధ్యాహ్నం మూడు.
తెరమీద మా కట్టడం నల్లటి నాలుక చాపి
ఈశాన్యంగా పాకి
ఒక డాబాని నాకేసింది.
పటంలో దాని పేరు: ఖాళీ.

చూద్దామని వెళ్లాం. లిఫ్టు లేదు, తొమ్మిది అంతస్తులు.
ఖాళీ కాదు.
వెదురు చేటలు, నలభై దాకా.
ప్రతి చేటలోనూ నారింజ తొక్కలు
మూడు రేకులుగా విప్పి, లోపలి తెలుపు పైకి తిప్పి.
వాటి మధ్య ముక్కాలిపీట మీద మాక్ బామ్మ,
మమ్మల్ని నీళ్ల మీటరు వాళ్లనుకుని
బిల్లు కట్టేశానంది.

విషయం చెప్పాం.
కోప్పడలేదు. చేట ఒకటి ఎండవైపు జరిపింది.
"మూడింటికి ఎండ పోతే తొక్క ఆరదు.
బూజు పడుతుంది. అంతే."
అని లోపలికెళ్లి జాడీలు చూపించింది.
ఏ జాడీ మీద ఆ ఏడాది.
పాతబడేకొద్దీ నలుపు, పాతబడేకొద్దీ ఖరీదు.
పదేళ్లన్నా ఆగాలట, నోట్లో పెట్టుకోవాలంటే.
మా కట్టడం పెట్టుబడి తిరిగొచ్చేది పదకొండో ఏట,
ఆ మాట ఎందుకో బామ్మకి చెప్పాలనిపించింది.
చెప్పలేదు.

"తొక్కల కోసం అంతస్తులు కోస్తారా?"
పూన్ గారు నవ్వారు. డబ్బు ఆయనది.
"ఊరికి కూర పెట్టేది మనం. ఆమె ఒక్కతే."
అదీ నిజమే. రోజుకి తొమ్మిదివేల కట్టలు,
సరిహద్దు దాటి లారీలో రావక్కర్లేని ఆకు.
చింగ్-లాం జవాబివ్వలేదు.
బల్లమీది థర్మాకోల్ నమూనా దగ్గరికి లాక్కుని
కత్తి తీసి
నెత్తిన ముప్పై డిగ్రీల వాలుగా కోసింది,
ఆ రోజు ఆ గంటకి సూర్యుడు నిలబడే ఎత్తది.
తెల్లటి పొట్టు ఆయన కోటు మీద రాలింది.

అరవై రెండు మడులు పోయాయి.
నా లెక్కలో నలభై టన్నులు తగ్గింది,
రెండు స్తంభాలు సన్నబడ్డాయి,
ఆ మిగులు చూపిస్తే పూన్ గారు
కళ్లద్దాలు తుడుచుకుని, చూద్దాం, అన్నారు.
ఇంకా చూస్తూనే ఉన్నారు.

ఆ సాయంత్రం దిగివచ్చేటప్పుడు బామ్మ
నా చొక్కా జేబులో ఒక తొక్క పడేసింది.
నిన్న సొరుగులో కనిపిస్తే
గుండీలు తూచే కొట్లో తూయించాను.
నాలుగు గ్రాములు.
ఇంకా కొంచెం తడి ఉంది.